ఇగువానా కొనాలని బాబు, వద్దని పాప: ఇద్దరూ రాసిచ్చారు, ఏ వాదన బలమైనదో ఎలా తేల్చాలి?

బెంజిసర్కిల్ అమ్మ

నమస్కారం అండీ. మాది విజయవాడ, అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు. బాబు ఇంటర్ ఫస్టియర్, పాప డిగ్రీ. బాబుకి కొన్నాళ్లుగా గ్రీన్ ఇగువానా పిచ్చి పట్టుకుంది. చూడనివాళ్ల కోసం చెప్తున్నా, వీపు మీద ముళ్ల వరసతో పెద్ద తొండలా ఉంటుంది, మధ్య, దక్షిణ అమెరికాల జంతువు. ఇన్‌స్టాలో ఎవరో ఇగువానా పిల్లల్ని అమ్ముతున్నారట. రోజూ అన్నాల దగ్గర ఇదే గొడవ. అక్క ససేమిరా వద్దంటుంది. ఆ అరుపులు భరించలేక, "ఇద్దరూ మీ మాట కాగితం మీద పెట్టి ఇవ్వండి, చదివి చెప్తాను" అన్నాను. చెరో రెండు పేజీలు రాసిచ్చారు.

ఇప్పుడు చిక్కు నాకొచ్చి పడింది. వాడిది చదివితే వాడే రైటనిపిస్తోంది, అమ్మాయిది చదివితే అమ్మాయే రైటనిపిస్తోంది. ముఖ్యమైన మాటలు ఇక్కడ పెడుతున్నాను.

బాబు రాసింది: "ఇగువానా మన దేశపు జంతువు కాదు కాబట్టి వన్యప్రాణి చట్టం దానికి వర్తించదు. రేబిస్ వల్ల మన దేశంలో ఏటా వేలమంది చనిపోతున్నారు, అయినా కుక్కల్ని పెంచుతున్నాం. ఇగువానా వల్ల ఒక్కరూ చనిపోలేదు. ఫ్లోరిడాలో ఇగువానాలు బయట చెట్ల మీద హాయిగా బతుకుతున్నాయి, అంటే విజయవాడ వేడికి ఇంకా హాయిగా బతుకుతాయి. నేను ఫాలో అయ్యే పెద్ద బ్రీడర్ ఇది కొత్తవాళ్లు కూడా పెంచగలిగే జంతువని చెప్పారు. ఇళ్లలో పెంచితేనే ఆ జాతి అంతరించిపోకుండా ఉంటుంది."

పాప రాసింది: "2011లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం జేన్స్‌విల్ దగ్గర ఒకాయన ఇంట్లో పెంచుకున్న అడవి జంతువులు బయటికొచ్చేస్తే పోలీసులు పులుల్ని, సింహాల్ని కాల్చి చంపాల్సి వచ్చింది. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవిలో జనం వదిలేసిన కొండచిలువలు 99 శాతం రకూన్లను తినేశాయి. అడవి జంతువుల్ని ఇంట్లో పెట్టుకునేవాళ్లంతా స్వార్థపరులు. తమ్ముడు చేపల తొట్టె కూడా కడగడు."

కొనాలా వద్దా అని అడగడం లేదండీ. ఇలా రాతలో ఉన్న వాదన గట్టిదా కాదా అని దేన్ని బట్టి చూడాలి? నిజం చెప్పాలంటే నాకు లోపల వద్దనే ఉంది. అందుకే అమ్మాయి వైపు మొగ్గి వాడికి అన్యాయం చేస్తానేమోనని టెన్షన్.

ఏలూరురోడ్డు

అమ్మా, చదువుకునే పిల్లాడికి ఇప్పుడు ఇవన్నీ ఎందుకండీ? పెద్దవాళ్లం, వద్దంటే వద్దనే. మా మేనల్లుడు ఇలాగే పట్టుబట్టి తాబేలు తెచ్చుకున్నాడు. తర్వాత వాడు హాస్టల్‌కి వెళ్లిపోయాడు, దానికి నీళ్లు మార్చే పని మా అక్క మీద పడింది.

పాత డెస్కు

ఏలూరురోడ్డు గారూ, మీ అక్కగారి కష్టం అర్థమైంది. కానీ ఈ అమ్మగారు చేసిన పని నాకు చాలా నచ్చింది. వద్దని ఒక్క మాటతో తోసేయకుండా రాయించడమే పెద్ద విషయం. రాసినదాన్ని సరిగ్గా చదివిపెట్టడం ఇప్పుడు మన వంతు.

నేను ఒక దినపత్రికలో ఎడిట్ పేజీ డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. పాఠకులు పంపే వ్యాసాలు చదివి, ఏది అచ్చుకి నిలబడుతుందో తేల్చడమే ఉద్యోగం. అక్కడ చేసిన పద్ధతే చెప్తాను. ముందు ఆఖరి వాక్యాన్ని, అంటే "కొనాలి", "కొనకూడదు" అనే మాటను అరచేత్తో మూసేయండి. మిగతా ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఇది ఎవరన్నారు? ఎప్పటి మాట? దీన్నుంచి వీళ్లు చెప్పేది నిజంగా వస్తుందా?

బాబు చట్టం వాక్యంతో మొదలుపెడదాం. అది అబద్ధం కాదు, పాతబడిన నిజం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలాకాలం ప్రధానంగా మన దేశపు జంతువుల గురించే ఉండేది. విదేశీ జంతువులు ఇళ్లలో ఉన్నవాళ్లు వాటి వివరాలు స్వచ్ఛందంగా చెప్పుకోవచ్చని కేంద్రం 2020లో ఒక అవకాశం కూడా ఇచ్చింది. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్న జంతువుల్ని నాలుగో షెడ్యూలులో పెట్టారు. గ్రీన్ ఇగువానా ఆ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి జంతువు ఎవరి దగ్గరున్నా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలపాలి. కాబట్టి బాబు ఎక్కడ చదివాడో ఆ పేజీ తేదీ చూడమనండి. నాకు తెలిసి అది 2023కి ముందుదే అయి ఉంటుంది. డెస్కులో ఎక్కువ వ్యాసాలు ఇక్కడే తన్నేవి. మాట తప్పు కాదు, దాని కాలం అయిపోయి ఉండేది.

రేబిస్ పోలిక చదవగానే గట్టిగా అనిపిస్తుంది. మన దేశంలో కుక్కలు కోట్లలో ఉన్నాయి, ఇగువానాలు ఎన్నుంటాయి? అంత తేడా ఉన్నప్పుడు మొత్తం చావుల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. ఇంకో సంగతి, మీ ఇంట్లో కుక్కనా ఇగువానానా అనే ప్రశ్నే లేదు. చావులు లేవనే అనుకున్నా, ప్రమాదం లేనట్టు కాదు. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండటం మామూలే. చిన్నపిల్లలకి ఆ జబ్బు అంటుకుంటోందనే 1975లో అమెరికా ప్రభుత్వం 4 అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. బాబు లెక్కలో ఇది లేదు.

ఫ్లోరిడా వాక్యం మాత్రం అందరూ చూడాల్సింది. అక్కడ ఇగువానాలు చెట్ల మీద, కాలవ గట్ల మీద బతుకుతున్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అవి అక్కడివి కావు. పెంచలేక వదిలేసినవీ, తప్పించుకున్నవీ అలా పెరిగిపోయాయి. అవి గట్లకు బొరియలు చేసి, తోటలు మేసి ఇబ్బంది పెడుతున్నాయని 2021లో ఆ రాష్ట్రం గ్రీన్ ఇగువానాను నిషిద్ధ జంతువుల జాబితాలో చేర్చింది. చలి బాగా పెరిగిన రోజుల్లో అవే ఇగువానాలు బిగుసుకుపోయి చెట్ల మీంచి కింద పడతాయి. చూడండి, ఒకే నిజాన్ని బాబు "పెంచొచ్చు" అనడానికి వాడుకున్నాడు, ఫ్లోరిడావాళ్లు "పెంచకూడదు" అనడానికి వాడుకున్నారు. అందుకే వాస్తవం సరైనదా అని చూసి ఆగిపోకూడదు. ఆ వాస్తవానికీ ఈ మాటకీ మధ్య ఏం దాటేశారో కూడా చూడాలి. బాబు దాటేసింది ఇది: ఎండలో చెట్టు మీద బతికే జంతువుకీ, నాలుగో అంతస్తులో గాజు పెట్టెలో ఉండే జంతువుకీ బతుకు ఒకటేనని అనుకున్నాడు. అది రాయలేదు, రాయకుండానే నమ్మించాడు.

బ్రీడర్ సంగతి. అమ్మేవాడు చెప్పాడు కాబట్టి అబద్ధమే అనకండి, అదీ న్యాయం కాదు. కానీ అది అమ్ముడైతే ఆయనకి డబ్బు వస్తుంది. కాబట్టి అదే మాట లాభం లేనివాళ్లు ఒక్కరైనా అన్నారా అని అడగాలి. జాతిని కాపాడటం సంగతి చిన్నదే. ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో గ్రీన్ ఇగువానాకి అంతరించే ప్రమాదం తక్కువని ఉంది. పైగా విజయవాడ ఫ్లాట్‌లో ఉన్నది బ్రెజిల్ అడవికి ఎలా చేరుతుందో వాడు రాయలేదు.

ఇక అమ్మాయిది. మీకు మొగ్గు అటే ఉందన్నారు కదా, కాబట్టి దీన్ని ఇంకా గట్టిగా చూడండి. మనకి నచ్చిన మాటకి రుజువు అడగాలని మనకి అనిపించదు.

జేన్స్‌విల్ నిజమే. 2011 అక్టోబర్‌లో 50 దాకా జంతువుల్ని యజమానే వదిలేశాడు, చనిపోయినవాటిలో 18 పులులు, 17 సింహాలు ఉన్నాయి. ఆ తర్వాతే 2012లో ఒహాయో ప్రమాదకర అడవి జంతువుల మీద చట్టం చేసింది. పులుల్ని ఇళ్లలో ఉంచకూడదనడానికి దీనికి మించిన సాక్ష్యం అక్కర్లేదు. కానీ మీ ఇంట్లో గొడవ ఆకులు తినే తొండ గురించి. పులి నుంచి తొండకి అమ్మాయి ఒక్క అంగలో వచ్చేసింది. "అడవి జంతువు" అనే ఒకే మాట రెండింటినీ కప్పేసింది కాబట్టి ఆ తేడా మీకు కనపడలేదు.

99 శాతం దగ్గర కాసేపు ఆగుతాను. ఆ వార్త 2012 మొదట్లో మా డెస్కుకీ వచ్చింది. రకూన్ అంటే మొహం మీద నల్లటి పట్టీ ఉండే, పిల్లి అంత జంతువు. పరిశోధకులు రాత్రిళ్లు రోడ్ల మీద బండిలో తిరుగుతూ, దారిలో కనిపించిన జంతువుల్ని లెక్కపెట్టారు. 1996-97 లెక్కతో 2003-2011 లెక్కను పోల్చారు. రకూన్లు కనిపించడం 99.3 శాతం తగ్గింది. ఇప్పుడు అమ్మాయి వాక్యం మళ్లీ చదవండి: "99 శాతం రకూన్లను తినేశాయి." లెక్క కనిపించినవాటిది. తినడం ఎవరూ లెక్కపెట్టలేదు. కొండచిలువలు పెరిగిన కాలంలోనే, అవి ముందు నుంచీ ఉన్న ప్రాంతంలోనే ఇవి తగ్గాయని వాళ్లు చూపించారు. అది బలమైన అనుమానమే గానీ రుజువు కాదు. రోగమో, నీటి మట్టమో కారణం కావచ్చు కదా అని అడిగే అవకాశం ఇంకా ఉంది.

ఆ అవకాశాన్ని తగ్గించే పని తర్వాత జరిగింది. చిత్తడి కుందేళ్లకి రేడియో పరికరాలు కట్టి కొండచిలువలున్న చోట వదిలారు, పక్కన అవి లేని చోటా వదిలారు. 2015లో వచ్చిన ఫలితం ఇది: కొండచిలువలున్న చోట చనిపోయిన కుందేళ్లలో 77 శాతం వాటి నోట పడ్డవే. ఎవరు చంపారో ఇక్కడ ఒక్కో కుందేలు దగ్గరా తేల్చారు. అమ్మాయి తన వాదనకి ఈ రెండోది పెట్టుకుని ఉంటే నేను పెన్సిల్ కింద పెట్టేసేవాణ్ణి. 77 చిన్న అంకె, 99 పెద్ద అంకె. అయినా 77 బరువైనది.

"స్వార్థపరులు" అన్నది కొట్టేయండి. అది మనుషుల మీద మాట, జంతువు గురించి ఏమీ చెప్పదు. చేపల తొట్టె మాట మాత్రం కొట్టేయకండి. అది కూడా ఎత్తిపొడుపులాగే ఉంది గానీ, రోజూ శుభ్రం చేసే పని ఎవరు చేస్తారన్నది ఈ ప్రశ్నకి నడిమధ్యనే ఉంది. ఎన్నిసార్లు కడగలేదో, అప్పుడు ఎవరు కడిగారో రాయమనండి. రెండు వ్యాసాల్లోనూ మీ ఇంటికి సంబంధించిన ఒకే ఒక్క సాక్ష్యం అదే.

నా అభిప్రాయం అడిగితే, అమ్మాయి చెప్పిన ముగింపే సరైనది కావచ్చు. కానీ ఆమె రాసింది దాన్ని మోయడం లేదు. బాబు ఆధారాలు వెతికాడు, ఆ శ్రమ కనిపిస్తోంది. ఇద్దరికీ తిరిగి రాసే అవకాశం ఇవ్వండి.

పెంపుడు జంతువుల డాక్టర్

పాత డెస్కు గారు రాసినదాన్ని చదివాను. రెండు వ్యాసాల్లో రాసినవాటిని ఆయన చూశారు, రాయనివాటి గురించి నేను చెప్తాను. నేను హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తాను, సరీసృపాలూ చూస్తాను.

ఇగువానా అచ్చంగా శాకాహారి. దాని ఒంట్లో కాల్షియం ఎముకలకి పట్టాలంటే డి3 విటమిన్ కావాలి, అది తయారవ్వాలంటే ఎండలోని యూవీబీ కిరణాలు చర్మానికి తగలాలి. కిటికీ అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. ఇంట్లోవాళ్లు ఎండపొడ వస్తోంది కదా అనుకుంటారు. ప్రత్యేకమైన దీపం పెడితే సరిపోతుంది గానీ, కొన్ని నెలలకి అది వెలుగుతూనే ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది. కంటికి తేడా తెలియదు.

మా దగ్గరికి తెచ్చేవాటిలో ఎక్కువగా కనిపించేది ఈ జబ్బే. దవడ కింద వేలు పెట్టి నెమ్మదిగా నొక్కితే ఎముకలా ఉండదు, రబ్బరులా వంగుతుంది. వెనక కాళ్లు లావుగా కనపడతాయి, బాగా తింటోందనుకుంటారు, అది వాపు. ఏం పెడుతున్నారని అడిగితే పాలకూర, క్యాబేజీ, బలానికని ఉడికించిన గుడ్డు అంటారు. పాలకూరలోని ఆక్సలేట్ అనే పదార్థం ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టేస్తుంది, గుడ్డు కిడ్నీల మీద పడుతుంది. ప్రేమగానే పెంచి ఉంటారు, దాని కళ్లల్లోకి చూస్తూ నాకు చెప్తుంటారు. చాలా బాధగా ఉంటుంది.

కొనేటప్పుడు అరచేతిలో పట్టేంత ఉంటుంది. మగది తోకతో కలిపి 5 అడుగులు దాటొచ్చు. బాగా చూసుకుంటే 15 ఏళ్లకి పైగా బతుకుతుంది. అప్పటికి మీ బాబుకి ముప్పై దాటుతాయి.

బెంజిసర్కిల్ అమ్మ

అందరికీ ధన్యవాదాలండీ. రెండు జవాబులూ ఇద్దరి చేతా చదివించాను. అమ్మాయి కాసేపు అలిగింది, తర్వాత కుందేళ్ల సంగతి తనే వెతుక్కుని చదివింది. బాబు చట్టం వాక్యం కొట్టేశాడు. అమ్మే అతనికి రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయా అని మెసేజ్ పెడితే, "ముందు తీసుకోండి, అవి తర్వాత చూద్దాం" అన్నాడట. అది వాడికి నచ్చలేదు.

కానీ వాడు ఇంకో మాటన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. "డాక్టర్ గారి దగ్గరికి జబ్బు పడినవే వస్తాయి కదమ్మా, బాగున్నవి ఎందుకొస్తాయి? ఆయన చూసినవాటిని బట్టి అన్నీ అలాగే ఉంటాయని ఎలా అంటాం?" ఇది తప్పించుకోవడమా, సరైన ప్రశ్నేనా?

పాత డెస్కు

సరైన ప్రశ్నేనమ్మా. బాబుకి నా అభినందనలు చెప్పండి. ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఊరందరి ఆరోగ్యం లెక్క కట్టలేం. డాక్టర్ గారు "ఇళ్లలో పెంచే ఇగువానాల్లో ఇంత శాతానికి ఈ జబ్బు వస్తుంది" అని ఉంటే, ఈ ఒక్క ప్రశ్నతో ఆ మాట పడిపోయేది. ఆయన అలా అనలేదు, ఆ మాట మళ్లీ చదివి చూడమనండి. అద్దం కిరణాల్ని ఆపేస్తుందన్నారు, కిరణాలు లేకపోతే కాల్షియం పట్టదన్నారు. ఆయన దగ్గరికి ఎన్ని వచ్చినా, ఒక్కటీ రాకపోయినా ఆ రెండు మాటలూ మారవు. బాబు వాటిని ఎదుర్కోవాలంటే వేరే ఆధారం కావాలి.

పెంపుడు జంతువుల డాక్టర్

బాబుతో నేరుగా మాట్లాడుతున్నాననుకోండి. నాన్నా, నువ్వడిగింది బావుంది. ఎంత శాతం అని నేను చెప్పలేను. బాగా పెరుగుతున్నవీ ఉంటాయి, నాకు ఆరోగ్య పరీక్షకి తెచ్చేవాళ్లు కొందరున్నారు. వాళ్లు ఇగువానా కోసం ఒక గదిలో సగం ఇచ్చారు, ఎక్కడానికి కొమ్మలు పెట్టారు, దీపాలు వెలుగుతున్నా సరే సమయానికి మారుస్తారు.

నువ్వు తిరిగి రాసేటప్పుడు ఇవి కనుక్కుని రాయి. 5 అడుగుల జంతువు అటూ ఇటూ తిరిగి చెట్టెక్కినట్టు ఎక్కాలంటే మీ ఫ్లాట్‌లో ఏ గోడ దగ్గర పెడతావో టేపు పెట్టి కొలిచి రాయి. ఎండ కాగేందుకు ఒక మూల 35 డిగ్రీల దాకా ఉండాలి, అది తప్పించుకోవడానికి ఇంకో మూల చల్లగా ఉండాలి. మే నెలలో మీ హాల్లో ఆ చల్లటి మూల ఎలా తెస్తావు? యూవీబీ దీపం ధరెంత, ఏడాదికి ఎన్ని మార్చాలి? విజయవాడలో సరీసృపాల్ని చూసే డాక్టర్ ఎవరో ఫోన్ చేసి కనుక్కో. ఎవరూ లేకపోతే రాత్రిపూట దానికి బాగోకపోతే ఏ ఊరు తీసుకెళ్తావు? రెండేళ్లలో నువ్వు ఇంజినీరింగ్‌కి వేరే ఊరు వెళ్తే దాని పని ఎవరు చేస్తారు, వాళ్లు ఒప్పుకున్నారా? ఒప్పుకుంటే వాళ్ల చేత సంతకం పెట్టించు.

ఇవన్నీ రాశాక అమ్మగారిని ఇక్కడ పెట్టమను. దీపాలు, తిండి సంగతి నేను చూస్తాను.